నేను కత్తిరించి చెప్పిన సినిమాలు

నాకు సినిమా పిచ్చి ఉందని మా స్కూల్లో అందరికీ తెలుసు. సినిమా పరిజ్ఞానం ఉందని మాత్రం నాకొక్కదానికే తెలుసు. తిరుమలగిరిలో మా స్కూలు శనివారం ఒంటిపూట. చివరి గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుని, పిల్లలకంటే ముందు గేటు దాటి, సికింద్రాబాద్ బస్సెక్కి మ్యాట్నీ అందుకుంటాను. మొదట్లో తోటి టీచర్లు కూడా వచ్చేవారు. హీరోకి ఒక అన్నయ్య ఉన్నాడని తెలియగానే "ఇతను ఇంటర్వెల్లోపు పోతాడు చూడండి" అని పక్కవాళ్ళ చెవిలో చెప్పడం నా అలవాటు. అతను పోయాక "నేను చెప్పలేదూ" అని మోచేత్తో పొడవడం ఇంకో అలవాటు. ఇప్పుడు శనివారం వచ్చిందంటే ఒకరికి పంటినొప్పి, ఇంకొకరింటికి చుట్టాలు. నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను.

సినిమా అయ్యాక బస్టాపులో నిలబడే స్టాఫ్ గ్రూపులో నా అభిప్రాయం రాస్తాను. ఎవరూ అడగరు. అడగకపోయినా కళ పట్ల మనకంటూ ఒక బాధ్యత ఉంటుంది కదా. నా రాతలో "స్క్రీన్‌ప్లే" అన్న మాట ఒక్కసారైనా పడాలి. ఒకరోజు స్టాఫ్‌రూంలో మా హిందీ టీచర్ అడిగింది, "మేడం, స్క్రీన్‌ప్లే అంటే ఏందీ? కథ వేరే, ఇది వేరేనా? జెర చెప్పుండ్రి" అని. నాకు సరిగ్గా అప్పుడే క్లాసు గుర్తొచ్చి లేచాను. అది మీకు లీజర్ పీరియడ్ మేడం అని ఆవిడ వెనకనుంచి అంటూనే ఉంది.

ఈమధ్య చూసినవాటిలో మొదటిది దేశమంతా ఒకేసారి విడుదలైన ఒక భారీ సినిమా. అందులో హీరో చెప్పు చూపించడానికి కొంతసేపు, మొహం చూపించడానికి ఇంకాస్తసేపు పట్టింది. ఆ తర్వాత ఆయన మాట్లాడింది తక్కువ, నడిచింది ఎక్కువ. ఆ మోతకి బయటికొచ్చాక కూడా బస్సులో కండక్టర్ పెదాలు కదలడమే కనిపించింది గానీ మాట వినిపించలేదు. "సాంకేతికంగా ఉన్నతం" అని గ్రూపులో రాశాను. రెండోది చిన్న సినిమా. ఒక టైలర్, పెళ్ళికాని అతని అక్క, ఒక కిటికీ. హాల్లో పట్టుమని పదిమంది లేరు. మధ్యలో నాకు కన్నంటుకుంది. మెలకువ వచ్చేసరికి అక్క ఇంకా అదే కిటికీ దగ్గర నిలబడి ఉంది. "దర్శకుడి నిగ్రహానికి జోహార్లు" అని రాశాను. మూడోది దయ్యం కామెడీ. మేం క్రైస్తవులం, దయ్యాలకి భయపడకూడదని చిన్నప్పుడే సండేస్కూల్లో నేర్పారు. అలాంటప్పుడు ముక్కూమొహం తెలియని పక్కసీటావిడ చెయ్యి ఎందుకు పట్టుకున్నానో ఇంటర్వెల్లో ఆవిడకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

నా రాతలు చదివేవాళ్ళు లేరు గానీ, నా సినిమాలు వినేవారు ఒకరున్నారు. మా నాన్నగారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, మా సంఘంలో పెద్ద. అమ్మ పోయాక మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన సినిమా హాల్లో కూర్చుని ఎరగరు. అది విశ్వాసికి తగదన్నది ఆయన పట్టుదల. అయితే కథ వినడానికి వాక్యంలో ఎక్కడా అభ్యంతరం లేదు, ప్రభువే ఉపమానాలు చెప్పాడు. కాబట్టి శనివారం సాయంత్రం నేను రాగానే ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, చెవి మిషను సరిచేసుకుని, "ఏమ్మా, ఇవాళేదో కథ ఉందన్నావు" అంటారు. సినిమా అన్న మాట ఆయన నోట రాదు, నా నోట కూడా రానివ్వరు.

సంఘపెద్దకి సినిమా కథ చెప్పడం అంత తేలికేం కాదు. సెన్సారువాళ్ళు వదిలేసినవన్నీ నేను కత్తిరించాలి. హీరో తాగేది నా కథలో సోడా. ఐటమ్ సాంగ్ వచ్చినచోట "అక్కడ కాస్త సంగీతం ఉంది నాన్నగారూ" అంటాను. ఆ భారీ సినిమాలో హీరో ఊరు ఊరంతా నరికి పోగులు పెట్టాడు. నా కథలో అందర్నీ పిలిపించి మందలించాడు.

"గట్టిగా మందలించాడా?" అని అడిగారు నాన్నగారు.

"చాలా గట్టిగా."

"ఈ కాలంలో అలాంటి కుర్రాళ్ళుండటం మంచిదేనమ్మా" అన్నారు.

కత్తిరించడంతో మొదలుపెట్టి మెల్లగా కలపడం దాకా వచ్చాను. టైలరు అక్కకి నా కథలో స్కూల్లో కుట్టు టీచరు ఉద్యోగం దొరికింది. దయ్యానికి పశ్చాత్తాపం కలిగింది. రానురాను ఈ దర్శకులందరికంటే నేనే బాగా తీస్తున్నానని నమ్మకం కుదిరిపోయింది. నువ్వు టీచరుగా మిగిలిపోవడం సినిమావాళ్ళ అదృష్టం అంటాడు మా ఆయన. అందులో వెటకారం ఉందని నాకు చాలాకాలం తెలియలేదు.

ఆ గర్వంలో ఉండగా అన్నదమ్ముల సినిమా ఒకటి వచ్చింది. పొలానికి నీళ్ళు పెట్టుకునే దగ్గర గొడవపడి విడిపోయిన ఇద్దరి కథ. మొదటి సగం నాకు నచ్చింది. చివర్లో అన్న గొడ్డలి తీసుకుని వెళ్ళి, చీకట్లో ఇంకెవరో అనుకుని తమ్ముణ్ణే నరుకుతాడు. తమ్ముడు అన్న ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు మాట్లాడి మరీ పోతాడు. "అంతసేపు మాట్లాడగలిగినవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళొచ్చు కదా" అని పైకే అన్నాను. ముందు వరసాయన వెనక్కి తిరిగి, "సప్పుడు చేయకుండ్రి అక్కా, జెర సినిమా సూడనియ్యుండ్రి" అన్నాడు.

ఆ ముగింపు తప్పని తీర్మానించుకుని, సాయంత్రం నాన్నగారి దగ్గర దాన్ని సరిదిద్దాను. నా కథలో అన్న ఒట్టి చేతులతో తమ్ముడింటికి వెళ్తాడు. అన్నం తింటున్న తమ్ముడు లేచి నిలబడతాడు. ఎవరూ రమ్మనకుండానే అన్న పీట వాల్చుకుని పక్కన కూర్చుంటాడు. తమ్ముడు తన కంచం అన్న ముందుకి జరుపుతాడు. అంతే, కథ కంచికి. చెప్పడం అయ్యాక నాకే ముచ్చటేసి ఇంకో టీ పెట్టుకుని తాగాను.

మామూలుగా కథ అయ్యాక నాన్నగారు ఏదో ఒక ప్రశ్న వేస్తారు. ఆ రోజు చెవి మిషను తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎవరికి ఏ కథ చెప్పానో నాకప్పుడు తట్టింది.

నాన్నగారికి ఒక తమ్ముడున్నాడు. మా బాబాయి. కంటోన్మెంటు ఆఫీసులో పనిచేసి రిటైరై తిరుమలగిరిలోనే ఉంటాడు. మా స్కూలుకి నాలుగడుగుల దూరం. అన్నదమ్ములిద్దరికీ నానమ్మ పోయిన రోజు నుంచి మాటల్లేవు. అప్పటికి నేను పుట్టలేదు, సంగతి అమ్మ చెప్పగా విన్నదే. కుర్రతనంలో బాబాయికి నాకంటే ఎక్కువ సినిమా పిచ్చి. నానమ్మకి ఉన్నట్టుండి గుండెనొప్పి వచ్చిన సాయంత్రం ఆయన అప్పటికే సినిమాకి వెళ్ళాడు, ఏ హాలుకో ఇంట్లో చెప్పే వెళ్ళాడు. ఫోన్లు లేని ఆ రోజుల్లో హాల్లో ఉన్న మనిషిని పిలవాలంటే ఒకటే దారి. మేనేజరుని బతిమాలితే ఒక గాజుముక్క మీద పేరు రాయించి, నడుస్తున్న సినిమా పక్కనే తెర మీద వేయించేవాడు, ఫలానావారు వెంటనే బయటికి రావలెను అని. నాన్నగారు సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి పేరు వేయించారు. తలుపు దగ్గర నిలబడి తెర మీద పేరు పడటం చూశారు. బాబాయి బయటికి రాలేదు. కాసేపు చూసి నాన్నగారు తల్లి దగ్గరికి తిరిగి వచ్చేశారు. బాబాయి ఆట వదిలాక తీరిగ్గా వచ్చేసరికి నానమ్మ లేదు.

నాన్నగారు తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. మాట్లాడటమే మానేశారు. పేరు చూసి కూడా వాడు లేవలేదని అమ్మ దగ్గర ఒక్కసారి అన్నారట, అంతే. ఈ సంగతి బాబాయి చెవిన వేయొద్దని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఆ తర్వాత బాబాయి కూడా హాలు గడప తొక్కలేదని మా పిన్ని చెప్పేది. పెళ్ళిళ్ళలో ఇద్దరూ చెరో చివర కూర్చుంటారు. మధ్యలో మేం ఇద్దరికీ కూల్‌డ్రింకులు మోస్తూ తిరుగుతాం.

మర్నాడు చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే నాన్నగారు అడిగారు, "మీ బాబాయి ఫోను నంబరు నీ దగ్గరుందా?"

"ఉంది నాన్నగారూ. ఎందుకు?"

"ఆ కథ వాడికి చూపించాలి."

"చూపించడమా? హాల్లోనా?"

"మరింకెక్కడ చూపిస్తారు?" అని చెప్పులు పక్కన పెట్టి అన్నారు, "నాకు మాటలు రావమ్మా. నోరు తెరిస్తే పాతవే వస్తాయి. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ చివర చూస్తే చాలు. నేను క్షమించానని వాడికే తెలుస్తుంది."

వాడికి తెలిసేది అన్న తమ్ముణ్ణి గొడ్డలితో నరికాడని. ఆ ముగింపు సినిమాది కాదు, నాది అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆయన అప్పటికే ఫోను నా చేతికిచ్చి నంబరు నొక్కమంటున్నారు. ఇప్పుడు నిజం చెబితే ఆ ఫోను కింద పెట్టేస్తారు. పెట్టేస్తే మళ్ళీ ఎత్తరు. నంబరు నొక్కి ఇచ్చాను.

"నేనురా, అన్నయ్యని" అన్నారు. "శనివారం ఖాళీయేనా? సినిమాకి వెళ్దాం."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. ఆయన పడుకోగానే బాబాయి నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, అన్నయ్య ఒంట్లో బాగానే ఉందా? డాక్టరేమైనా చెప్పాడా?" అని అడిగాడు. బాగానే ఉన్నారు బాబాయ్, మీరు రండి చాలు అన్నాను.

ఆ వారమంతా నాన్నగారిని ఆపాలని చూశాను. సీట్లు ఇరుకండీ అన్నాను. చర్చి బెంచీకంటేనా అన్నారు. చెవులు చిల్లులు పడే మోతండీ అన్నాను. మిషను తీసేస్తానులే అన్నారు. ఆ సినిమా ఎత్తేస్తే బాగుండునని లోలోపల ప్రార్థన కూడా చేశాను, అలాంటి విన్నపం సంఘంలో బయటికి చెప్పుకోలేం. వారం తిరగకుండా పోతుందని గ్రూపులో నేను తీర్పిచ్చిన సినిమా అది. నా తీర్పులన్నింటిలాగే అదీ తిరగబడి, శనివారం హాలు ముందు హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతోంది. టికెట్లు నేను ముందే కొనిపెట్టాను. అదొక్కటీ నాకు చేతకాకపోయినా బాగుండేది.

నాన్నగారు ఆదివారం వేసుకునే తెల్లచొక్కాలో వచ్చారు. గేటు దగ్గర పోస్టరు ముందు ఆగిపోయారు.

"ఆ గొడ్డలేంటమ్మా?"

"పల్లెటూరు కదా నాన్నగారూ, కట్టెలు కొడతారు."

బాబాయి మాకంటే ముందే వచ్చి పోస్టరుకి అటుపక్క నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఆ పోస్టరునే చూశారు. "వందనాలు అన్నయ్యా" అన్నాడు బాబాయి. "వందనాలు" అన్నారు నాన్నగారు. మాటలు అక్కడితో అయిపోయాయి.

ఇద్దరి మధ్యా కూర్చుందామని నా ఆలోచన. నాన్నగారు నన్ను అటు చివరికి జరగమని తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. మొదటి పాట మొదలై హీరోయిన్ నడుం తిప్పగానే ఆయన కళ్ళు మూసుకుని తల వంచారు. అలవాటు కొద్దీ బాబాయి కూడా వంచాడు. వెనక ఎవరో "ఏందిరా బై, తాతలిద్దరు గప్పుడే పండుకున్నరు" అన్నారు. పాట అయ్యాక నాన్నగారు ఒక కన్ను తెరిచి "అయిందా?" అన్నారు. తర్వాత ఫైటు. అన్న ఒకణ్ణి ఎత్తి ట్రాక్టరు మీదికి విసిరాడు.

"ఇతనేనా నువ్వు చెప్పిన అన్న?" అని నాన్నగారు హాలంతా వినపడేలా అడిగారు. "మందలించడమంటే ఇలాగేనా?"

"ఇది మొదట్లో నాన్నగారూ. తర్వాత మారతాడు" అన్నాను. ఎలా మారతాడో మాత్రం చెప్పలేదు. బాబాయి తెరవైపు చూడట్లేదు. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని మోకాళ్ళకేసి చూస్తున్నాడు.

ఇంటర్వెల్లో లైట్లు వెలగ్గానే బాబాయి లేచి గబగబా బయటికి వెళ్ళిపోయాడు. నాన్నగారు వెనకే వెళ్ళారు, వాళ్ళ వెనక నేను. హాలు ఆవరణలో టీ కొట్టు దగ్గర సిమెంటు బెంచీ ఉంది. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి. నేను టీలు తెచ్చి ఇచ్చాను. రెండో సగానికి గంట మోగింది. ఎవరూ కదల్లేదు.

"నువ్వెళ్ళి సీట్లు చూసుకోమ్మా, మేం వస్తాం" అన్నారు నాన్నగారు.

వీళ్ళు ఇక్కడే కూర్చుండిపోతే గొడ్డలి గండం గడిచినట్టే కదా అనుకున్నాను. వాళ్ళిద్దర్నీ వదిలేసి వెళ్ళడం మర్యాదేనా అని కూడా అనుకున్నాను. ఇవన్నీ అనుకుంటూనే కాళ్ళు లోపలికి నడిచాయి. కొంప మునిగే వేళ కూడా సగంలో వదిలిన సినిమా నా వల్ల కాదు, అది నేను చూసేసిన సినిమా అయినా సరే. పక్కనున్న రెండు ఖాళీ సీట్ల మీద సంచీ, గొడుగూ పెట్టి కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను, వాళ్ళు రాలేదు. చివర్లో అన్న గొడ్డలి ఎత్తాడు. కిందటిసారి ఆస్పత్రి సలహా ఇచ్చిన మనిషిని, ఈసారి వెక్కివెక్కి ఏడ్చాను. బయట బెంచీ మీద ఇద్దరూ ఏమైపోయారో తెలియక, తెర మీద తమ్ముడి మొహం సరిగ్గా చూడలేకపోయాను. పక్కసీట్ల అవతలాయన వంగి, "ఊకోండి మేడం, సినిమానే గద" అన్నాడు.

మెట్లు దిగుతూ కళ్ళు తుడుచుకుని ముగింపు సిద్ధం చేసుకున్నాను. పీట, కంచం, ఒక్కటీ మర్చిపోకూడదు. బాబాయి కూడా వింటాడు కాబట్టి తమ్ముడికి ఒక మాట ఎక్కువ పెట్టాను.

నాన్నగారు బెంచీ మీద ఒక్కరే ఉన్నారు. బాబాయి గేటు దగ్గర ఆటో కోసం చెయ్యెత్తుతున్నాడు. నాన్నగారి కళ్ళజోడు చేతిలో ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయిందా?" అన్నారు.

"అయింది నాన్నగారూ. చివర్లో ఆ అన్న..."

"అది ఉండనీమ్మా. కూర్చో. నేను చెప్తాను."

ఇన్ని శనివారాల్లో ఆయన చెప్పడం, నేను వినడం ఎప్పుడూ లేదు. కూర్చున్నాను.

"మీ నానమ్మ పోయిన రోజు వాడికి ఆ హాల్లో టికెట్ దొరకలేదట. అంత దూరం వచ్చాను కదా అని స్టేషన్ అవతల ఇంకో హాలుకి వెళ్ళాడట. నేను పేరు వేయించిన చోట వాడు లేనే లేడు."

"మీరెప్పుడూ అడగలేదా నాన్నగారూ?"

"అడగడానికేముంది? పేరు పడటం నా కళ్ళతో చూశాను, వాడు లేచి రాకపోవడమూ చూశాను. లెక్క తేలిపోయిందనుకున్నాను."

ఆయన కళ్ళజోడు తుడిచిందే తుడుస్తున్నారు. ముగింపులు ముందే పసిగట్టి పక్కవాళ్ళ చెవిలో ఊదే నాకు ఇన్నేళ్ళూ ఈ మాట తట్టలేదు. ఆ నిజం బయటపడిన గంటలో కూడా నేను లోపల కూర్చుని, చూసిన సినిమానే మళ్ళీ చూస్తున్నాను. సిగ్గేసింది, దుఃఖమూ వచ్చింది.

"బాబాయి ఏమన్నారు?" అని అడిగాను.

"నేను వెళ్ళిన సంగతే వాడికి తెలీదమ్మా. అమ్మ పోతోందని చెప్పడానికి తన కోసం ఎవరూ రాలేదని, అంత కానివాణ్ణయ్యానా అని, వాడు ఇన్నేళ్ళూ అదే మనసులో పెట్టుకున్నాడు. వచ్చానురా, సైకిల్ మీద వచ్చాను అని చెప్పాను. 'నా కోసం వచ్చావా అన్నయ్యా?' అన్నాడు. వచ్చానన్నాను. కాసేపుండి మళ్ళీ అదే అడిగాడు, నా కోసం వచ్చావా అని."

గేటు దగ్గర ఆటో ఆగింది. "అన్నయ్యా, రా" అని బాబాయి పిలిచాడు. లేవడానికి ఎప్పుడూ నా చెయ్యి అందుకునే నాన్నగారు, నావైపు చూడకుండానే లేచి వెళ్ళారు.